కాలువకు నిధులు సరే.. నీటికి ఏటా ఎవరిస్తారు?

మదనపల్లె: పడమటి మండలాలకు కృష్ణా జలాలు తేవాలన్న దశాబ్దాల కోరిక హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకంతో కొంతమేర నెరవేరింది. పుంగనూరు బ్రాంచి కాలువ మదనపల్లె ప్రాంతానికి, దాని నుంచి చీలిన కుప్పం బ్రాంచి కాలువ రాష్ట్ర సరిహద్దు వరకు చేరాయి. అయితే కాలువ తవ్వకానికి అయ్యే ఖర్చు ఒక్కసారిది. అందులో నీరు పారించే ఖర్చు ఏటా ఉండేది. మొదటిదానికి దక్కే ప్రాధాన్యం రెండోదానికి దక్కకపోతే కోట్లు పోసి కట్టిన కాలువ ఎండుకాలువగా మిగులుతుంది.

కుప్పం కాలువకు 2024 ఫిబ్రవరి 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి నీరు విడుదల చేశారు. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అదే కాలువలో జలహారతి ఇచ్చారు. ఏడాదిన్నరలో రెండు వేడుకలు జరిగాయి. చెరువులో నీరు వేసవి దాకా నిలుస్తుందా అన్నదే రైతుకు కావలసిన లెక్క.

టీఎంసీకి రూ.18 కోట్లు

శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మదనపల్లె పట్టణం సముద్రమట్టానికి దాదాపు 695 మీటర్ల ఎత్తున ఉంది. మాల్యాల వద్ద తోడిన నీరు దశలవారీగా పంపులెక్కి సుమారు 400 మీటర్లు పైకి రావాలి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దానిని అంత ఎత్తుకు చేర్చడానికి, యంత్రాల్లో నష్టాన్ని కలపకుండానే, 3 కోట్ల యూనిట్ల విద్యుత్ కావాలి. యూనిట్ రూ.6 చొప్పున లెక్కగట్టినా రూ.18 కోట్లవుతుంది.

రాబడి మాటేమిటి? పథకం లక్ష్యం 40 టీఎంసీలతో 6 లక్షల ఎకరాలకు నీరు. సగటున టీఎంసీకి 15 వేల ఎకరాలు. 1990లలో పెంచిన రేట్ల ప్రకారం ఎకరాకు రూ.200 నీటితీరువా పూర్తిగా వసూలైనా వచ్చేది రూ.30 లక్షలు. మిగిలినదంతా ఖజానా భరించవలసిందే. భరించకుండా బకాయి పెడితే విద్యుత్ పంపిణీ సంస్థలు అప్పులు చేయాలి. ఆ వడ్డీ భారం చివరకు వినియోగదారుడి బిల్లులో తేలే ప్రమాదముంది.

ఒక పద్దులో ఖర్చు, మరో పద్దులో ఆదా

ఇంత ఖర్చు వృథా అనడం సరికాదు. తాగునీటికి వెల కట్టలేము. పైగా ఈ ప్రాంతంలో బోర్లు వెయ్యి అడుగులు దాటిన ఊళ్లున్నాయి. టమోటా, మల్బరీ, పాడి అన్నీ వాటిపైనే ఆధారపడ్డాయి. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత విద్యుత్ అమలవుతోంది. చెరువులు నిండి భూగర్భ జలాలు పైకొస్తే బోరు మోటార్లకు కరెంటు తక్కువ పడుతుంది, ప్రభుత్వ సబ్సిడీ కొంత మిగులుతుంది. కాని ఖర్చు జలవనరుల శాఖ పద్దులో, ఆదా ఇంధన శాఖ పద్దులో ఉండటంతో రెండింటినీ కలిపి చూసే ప్రయత్నం జరగాలి.

అప్పు తెచ్చి కాలువ తవ్వడం సమర్థనీయమే. అది తరతరాలకు మిగిలే ఆస్తి. కరెంటు బిల్లు, పూడికతీత, గేట్ల మరమ్మతు అప్పుతో నడిచేవి కావు. వాటికి ఏటా రెవెన్యూ పద్దు నుంచి నిర్ణీత మొత్తం కేటాయించాలి. ఏ నెలలో ఎంత నీరు, ముందుగా ఏ చెరువుకు అన్నది ప్రతి సీజన్‌కు ముందే జిల్లాలో ప్రకటించాలి. లేకుంటే కొరత ఏర్పడినప్పుడు మొదట నష్టపోయేది కాలువ చివరి భూముల రైతులే. అలాంటి చివరి భూములు కుప్పం ప్రాంతంలోనే ఉన్నాయి.