ఈ పచ్చబొట్టు ఎవరు పొడిచారు?



మొన్న మా బడికి ఇంటర్ పూర్తిచేసిన పాత విద్యార్థి ఒకడు స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. ముంజేతి మీద నీలం రంగులో 'జై భీమ్' అని పొడిపించుకుని ఉన్నాడు. వాడు కాగితం తీసుకుని గుమ్మం దాటాడో లేదో, స్టాఫ్ రూములో ఒకాయన అందుకున్నాడు. "చూశారా మాస్టారూ, చదువుకోమంటే ఒంటి మీద కులం రాయించుకొచ్చాడు. కులాన్ని పోనివ్వంది వీళ్ళేనండీ!" పక్కనున్న ఇద్దరు నవ్వారు.

ఆయన మోటారుసైకిలు నంబరు ప్లేటు మీద ఆయన కులం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అది కులం కాదట, అభిమానమట. మన పిల్లోడి చేతి మీద ఉన్నది మాత్రం కులమట!

ఆ రోజు నేను ఏదో జవాబు చెప్పాను గాని అది చాల్లేదు. మిగతాది ఇక్కడ చెప్తాను.

వాడు కులం రాయించుకున్నాడా? వాడు పుట్టకముందే కులం రాసిపెట్టి ఉంది. ఊరికి ఏ దిక్కున వాడి ఇల్లుందో అక్కడ రాసుంది. వాళ్ళ తాతకి టీ హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు మీద రాసుంది. బళ్ళో చేరిన రోజు అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసుంది. ఆ గడి ఏటా జూన్‌లో నా చేత్తో నేనే నింపుతాను. స్కాలర్‌షిప్పు రావాలంటే నింపక తప్పదు. ఇవేవీ వాడు అడిగి రాయించుకున్నవి కావు. తనంతట తాను రాయించుకున్నది ఆ రెండు మాటలే. కులాన్ని నిర్మూలించాలన్న మనిషికి జై కొట్టడం కులం ఎట్లా అవుద్ది?

మన పల్లెల్లో పచ్చబొట్టు కొత్తదేం కాదు. ఎరుకల అమ్మలు గంప నెత్తిన పెట్టుకుని, సోది చెప్తామనీ పచ్చలు పొడుస్తామనీ వాడవాడా తిరిగేవాళ్ళు. దీపం మసిని ఆకు పసరుతో నూరి, సూదులు కట్టగట్టి పొడిచేవాళ్ళు. పైన పసుపు, ఆముదం రాసేవాళ్ళు. కూలి కింద ఇన్ని గింజలో, ఓ పాత రవికో ఇచ్చేవాళ్ళం.

మా నాయనమ్మ ముంజేతి చుట్టూ చుక్కల కడియం ఉండేది. "వెండి కడియమైతే కరువొస్తే తాకట్టుకి పోద్ది. దీన్ని ఏ షావుకారు తాకట్టు పట్టుకుంటాడ్రా?" అని నవ్వేది. పరాచికం అనుకునేవాణ్ణి. తర్వాతెప్పుడో చదివాను. 1930 డిసెంబరులో తమిళదేశం రామనాథపురం వైపు కళ్ళర్ కులస్థులు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. అందులో మొదటిదే, బంగారం వెండి నగలు పెట్టుకోకూడదని! పెట్టుకుంటే లాక్కునే లోకంలో, ఎవడూ లాక్కోలేని నగ పెట్టుకుంది మా నాయనమ్మ.

మా అమ్మ చేతి మీద ఉన్నది మూడక్షరాలు. ఆమె తమ్ముడి పేరు. పద్నాలుగేళ్ళకే ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. రాత్రిపూట చేనుకి నీళ్ళు పెట్టబోయి పాము కరిచి చచ్చిపోయాడు. ఫోటో లేదు. పట్టా లేదు. పూడ్చినచోట రాయి లేదు. ఓటర్ల లిస్టుకెక్కే వయసన్నా రాలేదు. ఆ పిల్లోడు ఈ భూమ్మీద బతికాడనడానికి మిగిలిన దస్తావేజు మా అమ్మ చెయ్యి ఒక్కటే. అమ్మకి చదువు రాదు, పొడిచిన ఎరుకలామెకీ రాదు. ఎవరో రాసిచ్చిన చీటీ చూసి దించారు. ఒత్తు ఒకటి తప్పిపోయింది.

నేను డిగ్రీలో ఉండగా అమ్మ హాస్టల్‌కి వచ్చింది. స్నేహితులు చూస్తారని "కొంగు కప్పుకోమ్మా, చెయ్యి కనబడుద్ది" అన్నాను. ఏమీ అనకుండా కప్పుకుంది. మా ఇంటావంటా మొదటి డిగ్రీ నాది. అది నాకు ముందుగా నేర్పింది అమ్మ చెయ్యి చూసి సిగ్గుపడటం. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కాని ఆ సిగ్గు నాకు పొడిచిందెవరు? అమ్మ చేతి మీద ఉంటే మోటుతనమన్నారు. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో అద్దాల గదుల్లో కూర్చుని వేలకు వేలు పోసి పొడిపించుకుంటే టాటూ అంటున్నారు, కళ అంటున్నారు. సూది మారిందేమో గాని, అసలు మారింది చెయ్యి!

ఇంకో రకం పచ్చబొట్టు ఉంది. మనం అడగనిది, మన మీద పొడిచింది. 1797లో కంపెనీ సర్కారు బెంగాల్లో చట్టం చేసి, కొన్ని రకాల ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్ని పొడిపించింది. 1849లో గాని దాన్ని ఎత్తెయ్యలేదు. ఆ తర్వాత సూది లేకుండానే పొడవటం నేర్చారు. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ దించారు. మన వాడలకొచ్చి మన పేర్లు పొడిచిన ఎరుకల తల్లులనీ, వాళ్ళ కడుపున పుట్టిన బిడ్డలనీ పుట్టు దొంగలని రాసేశారు. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. 1952లో చట్టం పోయింది. దొంగ అనే బుద్ధి పోయిందా? 1993 డిసెంబరులో అమృత్‌సర్ పోలీసులు కొందరు ఆడవాళ్ళని పట్టుకుని నుదుటి మీద 'జేబ్ కత్రీ' అని, అంటే జేబుదొంగ అని, పచ్చబొట్టు పొడిపించారు. ముగ్గురు పోలీసులకి కోర్టు శిక్ష వేసేసరికి 2016 వచ్చింది. ఇరవై రెండేళ్ళు దాటిపోయాయి.

కాబట్టి ఆ మాస్టారికి నా జవాబు ఇదీ. చర్మం మీద రాత ఉండటం నేరం కాదు. ఎవరు రాశారు, ఎవరి ఇష్టంతో రాశారు అన్నదే అడగాలి. వాళ్ళు రాస్తే అది వాత. మనం రాయించుకుంటే అది పేరు.

పేరంటే ఎంత కోపమో కోనసీమలో చూశాం. జిల్లాకి అంబేద్కర్ పేరు కలుపుతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బోర్డు మీద పేరునే ఓర్చుకోలేనోళ్ళు చేతి మీద పేరుని చూసి నవ్వకుండా ఉంటారా? ఛత్తీస్‌గఢ్‌లో రామనామీలున్నారు. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టి, 1890ల నాటి నుంచి ఆ దేవుడి పేరునే ఒళ్ళంతా పొడిపించుకున్నారు. నాకు ఆ దేవుడితో పనిలేదు, బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో ఆ లెక్క తేల్చేశాడు. కాని తలుపు మూసినోడికి వాళ్ళిచ్చిన జవాబు మాత్రం నాకు తెలుసు.

ఇక మన పిల్లలకి నాలుగు మాటలు. తిరునాళ్ళలో ఒకే సూదితో పదిమందికి పొడిచేవాడి దగ్గర కూర్చోకండి. హెపటైటిస్, హెచ్.ఐ.వి. ఆ సూది మీదే వస్తాయి. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. ఉద్యోగాలకు పోదామనుకునేవాళ్ళు ముందే రూల్సు చూసుకోండి. ఎడమ ముంజేతి లోపలి వైపు గాని, అరచేతి వెనక గాని ఉంటేనే ఒప్పుకుంటారు. అదీ ఆ భాగంలో నాలుగోవంతు కన్నా చిన్నదిగా ఉండాలి. మనల్ని తోసెయ్యడానికి వాళ్ళకి వంకలు చాలా ఉన్నాయి, మనమొకటి ఇవ్వొద్దు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. జై భీమ్ పొడిపించుకుని కట్నం లెక్కపెట్టేవాళ్ళనీ, మాల మాదిగ అని ఒకరినొకరు చిన్నచూపు చూసేవాళ్ళనీ, పెళ్ళాం మీద చెయ్యెత్తేవాళ్ళనీ చూశాను. ఎత్తిన ఆ చెయ్యి మీదే ఆయన పేరుంది. చూసుకోండి.

సంఘం కార్యకర్తలకి ఒక పని. చచ్చాక మన వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అంటారు మన పెద్దోళ్ళు. నిజమే, వాళ్ళతోనే పోద్ది. అందుకే పోకముందే ప్రతి పల్లెలో ముసలమ్మల దగ్గర కూర్చోండి. ఏ గుర్తు, ఎవరి పేరు, ఎప్పుడు, ఎందుకు పొడిపించుకుందో నోటుపుస్తకంలో రాయండి. మన చరిత్ర ఏ కరణం దఫ్తరంలోనూ లేదు. ఆ చేతుల మీద ఉంది.

నేను మా ఇంటినుంచే మొదలుపెట్టాను. పోయిన ఆదివారం అమ్మ దగ్గర కూర్చుని మేనమామ పేరు నోటుపుస్తకంలో రాశాను. మాస్టారు బుద్ధి కదా, తప్పిన ఒత్తు దిద్దబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది.

"దిద్దొద్దురా అయ్యా. నా చేతి మీద ఎట్టుందో అట్టే రాయి."

అట్టే రాశాను.

జై భీమ్!