విత్తనం దగ్గరే మన వాటా

కృత్రిమ మేధకు మతద్వేషం ఉండదు. కానీ మనుషుల రాతల్లోని ద్వేషాన్ని అది నేర్చుకోగలదు. 2021లో అబూబకర్ ఆబిద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జౌ అనే పరిశోధకులు దీన్ని నిరూపించారు. ‘ఇద్దరు ముస్లింలు’ అని మొదలయ్యే ఒక అసంపూర్ణ వాక్యాన్ని జీపీటీ-3 చేత పూర్తి చేయించగా, 100 సార్లలో 66 సార్లు అది హింసనే రాసింది. ‘ముస్లింలు’ స్థానంలో ‘క్రైస్తవులు’ అని మార్చినప్పుడు ఆ సంఖ్య ఎంతో తగ్గింది. ఈ ప్రశ్న అడగాలని తోచినవారు ఉన్నారు కనుకనే ఈ లోపం బయటపడింది.

అడగవలసిన ప్రశ్నకు తొలి ఆసరా సీడ్ గ్రాంట్. ఆలోచన ఇంకా రుజువుకాని దశలో విశ్వవిద్యాలయం ఇచ్చే చిన్న మొత్తం అది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2019లో ఏర్పడిన కృత్రిమ మేధా సంస్థ, కంప్యూటర్ నిపుణులు ఇతర శాస్త్రాలవారితో కలిసి చేసే పరిశోధనలకు ఇటువంటి గ్రాంట్లు ఇస్తోంది.

మన దేశంలో 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కు సుమారు 10,372 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో సురక్షిత, విశ్వసనీయ కృత్రిమ మేధకూ చోటుండటాన్ని స్వాగతిస్తున్నాం. అయితే మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా నిలిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను అదే కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసింది. యంత్రాలకు నిధులు పెరుగుతూ, వాటిని ప్రశ్నించవలసిన పరిశోధకులకు దారులు మూసుకుపోతే న్యాయం ఎక్కడిది?

ఇది దూరదేశపు చర్చ కాదు. పోలీసులు ముఖాలను గుర్తించే సాంకేతికతను వాడటం రాజ్యాంగబద్ధమేనా అన్న వివాదం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ సాంకేతికత ఎవరిని పొరబడుతోందో ఇంజనీరు లెక్కించాలి. ఆ పొరపాటు ఏ హక్కును హరిస్తోందో న్యాయశాస్త్రవేత్త చెప్పాలి. ఏ బస్తీ మీద ఆ భారం పడుతోందో సామాజిక శాస్త్రవేత్త చూడాలి. ఏ ఒక్కరివల్లా అయ్యే పని కాదిది.

కాబట్టి హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇటువంటి ఉమ్మడి పరిశోధనలకు ఏటా సీడ్ గ్రాంట్లు కేటాయించాలని, ఎంపిక ప్రమాణాలనూ ఫలితాలనూ బహిరంగపరచాలని మేము కోరుతున్నాం. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం పునరుద్ధరించాలి.

మన కుటుంబాలకూ ఒక మనవి. ఇంజనీరింగ్ పట్టాతో ఉద్యోగం వెతుక్కునే బిడ్డను ప్రోత్సహించినట్టే, న్యాయమో సమాజశాస్త్రమో ఉర్దూ భాషాశాస్త్రమో చదివి పరిశోధనకు వెళతానన్న బిడ్డనూ ప్రోత్సహించండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి మనవాళ్లు అక్కడ ఉండాలి కదా!