మన కరువును మనమే రాసిపెట్టుకోవాలి

తుపాను వస్తే కెమెరాలు వస్తాయి, మంత్రులు వస్తారు, మర్నాడే నష్టం లెక్కలు మొదలవుతాయి. కోస్తా రైతు కష్టం చిన్నదని మనం అనడం లేదు. కానీ అనంతపురంలో చేను రోజుకింత ఎండిపోతుంటే అది వార్త కాదు. వార్త కానిది అధికారి బల్ల మీదకు ఆలస్యంగా చేరుతుంది.

చేరిన అంకె కూడా మన గోడు పూర్తిగా చెప్పదు. మన జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. జూలైలో పదునుకు వేరుశనగ వేశాం, ఆగస్టులో ఊడలు దిగే వేళ చినుకు లేదు, సెప్టెంబరు ఆఖరున రెండు రాత్రులు కుండపోతగా కురిసింది అనుకుందాం. మొత్తం కూడితే ‘సాధారణ వర్షపాతం’. చెట్టు పీకి చూస్తే కాయ లేదు.

కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ బెట్టను కూడా చూడమంది. అయితే వరుసగా మూడు, నాలుగు వారాలు సాధారణంలో సగం కన్నా తక్కువ కురిస్తేనే అది వాళ్ల లెక్కలో బెట్ట. లోతు లేని ఎర్ర నేలలో, ఊడల దశలో, పంట దెబ్బతినడానికి రెండు వారాలు చాలు. పైగా మండల కేంద్రంలో ఒక్క పెద్ద జల్లు పడితే, చుక్క పడని మన ఊరి బెట్ట కూడా కాగితం మీద తెగిపోతుంది. మండలం కరువు జాబితాకు ఎక్కకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ, రుణాల రీషెడ్యూలు ఏ ముఖంతో అడగాలి?

ధర్నాలు మానుదామని కాదు. ధర్నాతో ప్రభుత్వం మనవైపు చూస్తుంది. చూసినప్పుడు చూపించడానికి మన చేతిలో లెక్క ఉండాలి.

అందుకే ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. నిలువు అంచుల డబ్బా, ఒక స్కేలు చాలు. డబ్బాలో నిలిచిన నీటి ఎత్తే ఆ రోజు వాన. తేదీ, వాన, పంట దశ, వాడిన ఎకరాలు రాయాలి. కౌలు రైతుల చేలు విడిచిపెట్టొద్దు. ఈ-క్రాప్‌లో లేని చేను ప్రభుత్వానికి కనిపించదు. సమాచార హక్కు చట్టం కింద మండలం రోజువారీ వాన లెక్కలు తీసుకుని మన పుస్తకంతో పోల్చాలి. తేడాను గ్రామసభలో తీర్మానం చేసి, కరువు ప్రకటనలు వెలువడే అక్టోబరు కంటే ముందే కలెక్టరుకు అందించాలి.

మన డిమాండ్లు రెండు. ఊడల దశలో రెండు వారాల బెట్టను కరువు లెక్కలో చేర్చాలి. ఊరివారీ వాన లెక్కను రోజూ సచివాలయం బోర్డు మీద రాయాలి. ఈ ఖరీఫ్‌లో మొదటి చినుకు నుంచే పుస్తకం తెరుద్దాం.