వేరు కుంపటి

ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు వేరు కుంపట్లు పెట్టుకున్న సంగతి వీధిలో పోయేవాడికి తెలియదు. గుమ్మం ఒకటే, పెరడు ఒకటే. వంటింట్లోకి తొంగిచూస్తేగాని అసలు విషయం బయటపడదు. కంప్యూటరు మీద పనిచేసే పిల్లల ఇళ్ళల్లో ఇటువంటి కాపురమే ఒకటి ఈ మధ్య తరచు కనిపిస్తోంది. ఆ కాపురం పేరు గిట్.

లినక్సును సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తన పనికోసం తయారుచేసుకున్న చిట్టా ఇది. ఒక ఫోల్డరులో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో పద్దులుగా వ్రాసి ఉంచుతుంది. పద్దును కమిట్ అంటారు. ప్రతి పద్దుకూ నలభై అక్షరాల గుర్తు ఉంటుంది. ఈ చిట్టా అంతా ఆ ఫోల్డరులోనే, చుక్క గిట్ అనే చాటు అరలో దాగి ఉంటుంది.

మరి ఒక చిట్టా ఉన్న ఫోల్డరు లోపల, సొంత చిట్టా గల ఇంకో ఫోల్డరు ఉంటే? చిక్కంతా ఇక్కడే. బయటి చిట్టా ఆ గది దాకా వస్తుంది. లోపల మరో చుక్క గిట్ కనిపించగానే గడప దగ్గరే ఆగిపోతుంది. ఒక్క కాగితం ముట్టుకోదు. "ఇక్కడ వేరే సంసారం ఉంది, వారి లెక్క ఫలానా పద్దు దగ్గర ఉంది" అని ఆ నలభై అక్షరాలు మాత్రం వ్రాసుకుని వెనక్కి తిరుగుతుంది. ఇది మర్యాదే, కాదనను. కాని ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి గదా!

మా అక్కయ్యకు నలుగు పాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు బోలెడు వచ్చు. మా మేనకోడలు రెండేళ్ళు ప్రతి ఆదివారం తల్లి ముందు కూర్చుని 212 పాటలు కంప్యూటరులోకి ఎక్కించింది. ఇప్పుడు అడిగితే అక్కయ్య చాలా పాటల్లో రెండో చరణం దగ్గరే ఆగిపోతోంది. అంచేత ఆ ఫోల్డరు విలువ ఎంతో నేను వేరే చెప్పనక్కర్లేదు.

మా మేనల్లుడు ఆ పాటలకొక వెబ్‌సైటు కట్టాడు. చెల్లెలి ఫోల్డరును, దాని చిట్టాతో సహా, తన ఫోల్డరులో పెట్టి గిట్ యాడ్ అన్నాడు. లోపల మరో రిపాజిటరీ ఉందనీ, దీన్ని క్లోన్ చేసుకున్నవారికి లోపలివి రావనీ గిట్ హెచ్చరించింది. కుర్రవాళ్ళు హెచ్చరికలు చదువుతారా! సైటు అతని కంప్యూటరులో చక్కగా కనిపిస్తూనే ఉంది మరి. ఫైళ్ళు అక్కడే ఉన్నాయి గనక. అంతా ఇంటర్నెట్టులో భద్రంగా ఉందన్న ధైర్యంతో, పాత కంప్యూటరు చెరిపేసి మరొకరికి ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. కొత్తదానిలో క్లోన్ చేసి చూస్తే 'పాటలు' అన్న ఫోల్డరు ఉంది; అందులో ఒక్క పాట లేదు.

"మావయ్యా, గది ఉందిగాని సామాను లేదు" అంది మేనకోడలు ఫోనులో. పాతదాన్ని ఇంకా చెరపలేదు గనక సరిపోయింది. చెరిపేసి ఉంటే ఆ నలభై అక్షరాలు పట్టుకుని ఎవరిని అడిగినా పాట తిరిగి రాదు. అవి గుర్తు మాత్రమే, సరుకు కాదు.

దిద్దుబాటు పెద్దదేమీ కాదు. ముందు లోపలి చిట్టాకు ఇంటర్నెట్టులో దానికంటూ ఒక చిరునామా ఇచ్చి, పాటలన్నీ అక్కడికి పుష్ చేశారు. తర్వాత బయటి చిట్టాలోని ఆ ఒంటి గుర్తును గిట్ ఆర్‌ఎమ్, క్యాష్డ్ అని తీసేశారు. ఆ క్యాష్డ్ అన్న మాట ఉంటే ఫైళ్ళు డిస్కులో పదిలంగా ఉంటాయి, పద్దు మాత్రం పోతుంది. పిమ్మట గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్ అని చిరునామా చెబితే, చుక్క గిట్‌మాడ్యూల్స్ అనే చిన్న ఫైలులో గది పేరూ, చిరునామా నమోదయ్యాయి. ఇకమీదట క్లోన్ చేసేవాళ్ళు రికర్స్ సబ్‌మాడ్యూల్స్ అని కలిపి అడగాలి. మరిచిపోతే తర్వాత సబ్‌మాడ్యూల్ అప్‌డేట్, ఇనిట్, రికర్సివ్ అన్నా చాలు, గది నిండుతుంది.

అసలు రెండు కుంపట్లు ఎందుకు, ఒక్కటి చేసెయ్యరాదా అని నేనూ అడిగాను. ఇదే పాటలతో మేనకోడలు ఒక పుస్తకం కూడా వేస్తోందిట. సైటుకూ పుస్తకానికీ ఒకే మూలం కావాలి. అది న్యాయమే. అటువంటి అవసరం లేనివారు ఒక్క పొయ్యితో సరిపెట్టుకోవడమే సుఖమని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ ఏర్పాటుకు అలకలు ఎక్కువ. సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ అన్న తర్వాత లోపలి చిట్టా మామూలుగా ఏ శాఖ మీదా ఉండదు, వట్టి పద్దు మీద నిలబడుతుంది. డిటాచ్డ్ హెడ్ అంటారు. తల వేరు, మొండెం వేరు అన్నమాట! ఆ స్థితిలో వ్రాసిన పాట తర్వాత వెతికితే దొరకడం కష్టం. ముందు శాఖలోకి మారి వ్రాయాలి. పైగా లోపలిది పుష్ చెయ్యకుండా బయటిది పుష్ చేస్తే, అవతలివాడికి లేని పద్దు గుర్తు అందుతుంది. దీనికి గిట్ కాన్ఫిగ్‌లో పుష్ చుక్క రికర్స్‌సబ్‌మాడ్యూల్స్ అన్న చోట చెక్ అని పెట్టుకుంటే, లోపలిది వెళ్ళందే బయటిదాన్ని కదలనివ్వదు. మా మేనల్లుడు ఆ సాయంత్రమే పెట్టుకున్నాడు. మేనకోడలు మాత్రం పాటలు నోటుబుక్కులో కూడా వ్రాయడం మొదలుపెట్టింది.