మడమ నొప్పి – ఉదయపు మొదటి అడుగు



ఈ నెల మా ఇంటి సంగతితోనే మొదలుపెడుతున్నాను. చిలకలూరిపేటలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేను. చిన్నతనంలో మట్టి కోర్టులో ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. ఉద్యోగ విరమణ అయ్యాక మళ్లీ ఆట మీదికి మనసు పోయింది. తెల్లవారకముందే ముగ్గురు మిత్రులతో కలిసి సిమెంటు కోర్టులో షటిల్ మొదలుపెట్టాను. కాళ్లకు అరిగిపోయిన కాన్వాసు బూట్లు. వారానికి ఆరు రోజులు ఆట. మూడో నెలలో ఒక ఉదయం మంచం దిగి కుడికాలు నేల మీద మోపగానే మడమలో మేకు దిగినట్టయింది. పది అడుగులు వేసేసరికి తగ్గింది. తగ్గింది గదా అని ఆటకు వెళ్లాను. అదే నా పొరపాటు.

నెల తిరిగేసరికి మెట్లు దిగడం కూడా కష్టమైంది. ఇంట్లో నా మూలుగు వినలేక ఒకనాడు మా ఇంటావిడ అడిగింది: "ఏమండీ, పొద్దున మొదటి అడుగుకే నొస్తోందా మీకు? నాకు రెండేళ్లనుంచి అంతే. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తున్నాను."

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే వంట ఎవరు చేస్తారు?" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. నా ఆట ఆగిపోతే ఇల్లంతా తెలిసింది. ఆవిడ బాధ రెండేళ్లు నా కంటపడలేదు. మా వంటింట్లో పరిచింది చీమకుర్తి గ్రానైటు. చుక్కల ఆకాశంలా మెరుస్తుందని, దేశదేశాలకు వెళ్లే రాయి అని నేనే ముచ్చటపడి వేయించాను. దాని మీద ఉత్తకాళ్లతో రోజుకు ఐదారు గంటలు నిలబడేది ఆవిడ.

ఇద్దరమూ కలిసి డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన చెప్పింది మీకూ చెబుతాను. అరికాలి కింద మడమ ఎముకనుంచి వేళ్ల మొదళ్లవరకు ఒక గట్టి పట్టీ ఉంటుంది. పాదం వంపును నిలబెట్టేది అదే. దాని శక్తికి మించిన భారం రోజూ పడితే మడమ దగ్గర దెబ్బతింటుంది. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. రాత్రంతా కదలిక లేక ఆ పట్టీ బిగుసుకుపోతుంది. ఉదయం మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగుతుంది గనుక అంత నొప్పి. చాలాసేపు కూర్చుని లేచినా, ప్రార్థనలో మోకరించి లేచినా ఇదే బాధ.

ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగినట్టు కనిపిస్తే చాలామంది హడలిపోతారు. నొప్పి లేనివారిలో కూడా ఆ ముల్లు ఎందరికో ఉంటుంది. దాన్ని కోసి తీయవలసిన అవసరం సాధారణంగా రాదు. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి ఆపరేషన్ లేకుండానే ఏడాదిలోగా నయమవుతుంది. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. అయితే పదేపదే చేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది.

ఇది ఆటగాళ్ల జబ్బు మాత్రమే కాదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసేవారికి, పత్తి చేలో రోజంతా నిలబడి పత్తి తీసే స్త్రీలకు, తరగతిలో నిలబడి పాఠాలు చెప్పేవారికి కూడా వస్తుంది. గొప్పవారినీ విడిచిపెట్టదు. గోల్ఫ్ ఆటలో బంతి వెంట మైళ్లకొద్దీ నడవాలి. ప్రపంచ ప్రఖ్యాత గోల్ఫ్ క్రీడాకారుడు టైగర్ వుడ్స్ ఈ నొప్పివల్లే 2022 చివర ఒక పోటీ వదులుకున్నారు. 2023 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీలో అది తిరగబెట్టడంతో మధ్యలోనే తప్పుకున్నారు. అంతటి వైద్యం అందుబాటులో ఉన్న మనిషినే తిరగబెట్టి బాధించిన నొప్పి ఇది. మనం తొందరపడితే ఊరుకుంటుందా?

మేము చేసినవి రెండే వ్యాయామాలు. మొదటిది మంచం దిగకముందే చేయాలి. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలు వైపుకు లాగాలి. అరికాలి పట్టీ తీగలా బిగిసినట్టు బొటనవేలికి తగులుతుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

రెండోది పాదానికి బలం ఇచ్చేది. మెట్టు అంచున నిలబడి, చుట్టిన తువాలు వేళ్ల కింద పెట్టుకుని, గోడ ఆనుకుని మడమలు పైకెత్తాలి. మూడు సెకన్లలో లేచి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దిగాలి. రోజు విడిచి రోజు చేయాలి. మొదట రెండు కాళ్లతో, బలం వచ్చాక ఒంటికాలితో. డెన్మార్క్‌లో 48 మందితో జరిపిన పరీక్షలో ఈ పద్ధతి పాటించినవారికి, సాగదీత మాత్రమే చేసినవారికంటే మూడు నెలల నాటికి ఎక్కువ మేలు కనిపించింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు సమానమయ్యాయి. అంటే ఏది చేసినా విడవకుండా చేయడమే ముఖ్యం.

ఇంట్లో కూడా మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోండి. వంటింటి చెప్పులు వేరుగా పెట్టుకుంటే అమ్మమ్మలు కూడా అభ్యంతరం చెప్పరు. కూరలు కూర్చుని తరగండి. కాళ్లకు మరీ విశ్రాంతి ఇచ్చి మంచాన పడవద్దు, నొప్పిని లెక్కచేయకుండా పరుగెత్తనూ వద్దు. ఈవేళ చేసిన పని ఎక్కువైందో లేదో రేపటి మొదటి అడుగు చెబుతుంది. నొప్పి నిన్నటికంటే పెరిగితే పని తగ్గించండి.

వేడి ఇటుక మీద జిల్లేడాకులు వేసి మడమ కాపడం పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. షుగరు ఉన్నవారు మాత్రం దాని జోలికి పోకూడదు. స్పర్శ తెలియని పాదం కాలినా తెలియదు. వాపు, జ్వరం, తిమ్మిరి, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి ఉన్నా, రెండు మడమలతోపాటు ఉదయంపూట నడుము కూడా పట్టేస్తున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.

నాకు ఏడు నెలలు పట్టింది. కొత్త బూట్లతో, వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున ఆడుతున్నాను. మా ఆవిడకు ఇంకో రెండు నెలలు ఎక్కువ పట్టింది. ఇప్పుడు పొద్దున కాఫీ నేనే పెడుతున్నాను. ఆవిడ మంచం మీదే కూర్చుని కాలివేళ్లు లాగుతూ పది లెక్కపెట్టుకుంటుంది. లెక్క పూర్తయ్యేసరికి పాలు పొంగుతాయి.

ఈ పుస్తకం మూసే ముందు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేవారిని, "పొద్దున నడవగలుగుతున్నావా?" అని అడగండి.