అమ్మ గొలుసు – కారు పాట

మొన్న శనివారం మేనల్లుడి కొత్త కారుకు పూజ చేయిద్దామని కొండగట్టు వెళ్ళాము. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాము. మా చెల్లెలు ప్రదక్షిణాలకు వెళ్ళగానే వాడు అసలు సంగతి బయటపెట్టాడు.

"మామా, కార్లలో పాట ఎవరిది బాగా వినిపిస్తుందో పోటీలుంటాయి. కంపెనీ స్పాన్సర్ చేయాలంటే ముందు మంచి యాంప్లిఫయర్లు కొనాలి. గొలుసు కుదువపెట్టుమని అమ్మకు నువ్వు చెప్పు."

నా గుండె ఝల్లుమన్నది. "గెలుపు దేనికిరా?"

"కొన్నిట్ల మోతకు, మీటరు పెట్టి కొలుస్తారు. కొన్నిట్ల నాణ్యానికి. గాయకుడు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుందా, వాద్యాలు విడివిడిగా వినపడుతున్నాయా అని జడ్జీ కార్ల కూర్చుని వింటాడు."

"మోతకు అంతులేదు నాయనా! శక్తి రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. గొలుసు అయిపోతే గాజులడుగుతావు. నాణ్యానికి చెవీ, ఓపికా ముఖ్యం. స్పాన్సరంటే దాత కాడు. కృతి అంకితం పుచ్చుకునే రాజులాగా, తన పేరు నీ కారు మీద చూసుకోవాలనుకుంటాడు. కవిత్వమే వినకుండా ఏ రాజు అగ్రహారమిస్తాడు? వున్న స్పీకర్లతో చిన్న పోటీకి వెళ్ళు. మార్కుల కాగితం దాచు. నీవల్ల దుకాణానికి లాభమేమిటో ఒక పేజీలో రాసి అడుగు. మొదట సరుకు ధరలో తగ్గింపు దొరికినా గొప్పే."

వాడు మాట్లాడలేదు. కొండ దిగాక సన్నగా పాట పెట్టి, "వీణ ఎటువైపున్నది, మామా?" అన్నాడు.

"ఎడమవైపు."

"అది నడుమ వినపడాలె," అంటూ ఆలోచనలో పడ్డాడు. వెనకసీటులో చెల్లెలు ఏమీ ఎరగనట్టు మెడలో గొలుసు సర్దుకున్నది.