ఇస్తిక్లాల్ మసీదును చూచుట

ప్రార్థనాలయములను వేడుక చూచువారికి తెఱచి యుంచరాదని కొందఱు పెద్దలు వాదింతురు. దైవధ్యానమునకై కట్టిన చోట చోద్యము చూచువారికేమి పని యని వారి ప్రశ్న. ఆ మాటను నేనును చాలకాలము నమ్మితిని. ఇండోనీషియాలోని జకార్తా నగరమును చూచిన పిదప ఆ నమ్మకము సడలినది.

ఆ నగరమధ్యమున ఇస్తిక్లాల్ మసీదు కలదు. ఆ అరబ్బీ పదమునకు స్వాతంత్ర్యమని అర్థము. డచ్చివారి పాలన తొలగిన పిదప ఆ జాతి కృతజ్ఞతతో దానిని కట్టుకొనినది. 1961లో శంకుస్థాపన జరిగెను; 1978లో ప్రారంభోత్సవము జరిగెను. పెద్ద గుమ్మటము వ్యాసము 45 మీటర్లు. 1945లో చాటిన స్వాతంత్ర్యమునకు అది గుర్తు. పాత మసీదులలోని నగిషీ పని యిచట కానరాదు. ఉక్కు, చలువఱాయి, గాలి, వెలుతురు, అంతియే. మొదట నాకది వెలితిగా తోచినది. ఎండలో నడచి వచ్చినవానికి ఆ తెఱపియే గొప్ప శిల్పమని కొంతసేపటికి గాని తెలియలేదు.

ఇంతకంటె విశేషము వేఱొకటి కలదు. ఈ మసీదునకు రూపకల్పన చేసిన ఫ్రెడరిక్ సిలబాన్ క్రైస్తవుడు. పోటీలో ఆయన చిత్రపటమే నెగ్గినది. మసీదు కెదురుగా 1901 నాటి కాథలిక్ చర్చి కలదు. నడుమ ఒక్క వీధియే అడ్డము. ఒకరి పండుగనాడు మఱియొకరి ఆవరణమున వాహనములు నిలుపుకొందురు. ఇటీవల ఆ వీధి క్రిందుగా రెండింటిని కలుపుచు సొరంగమార్గము త్రవ్విరి. 2024 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ మసీదునకు వచ్చినప్పుడు దానిని చూచెను.

చెప్పులు విడిచి మార్గదర్శి వెంట నడచితిమి. మోకాళ్ళు కనబడు దుస్తులవారికి పొడుగుపాటి అంగీల నిచ్చిరి. ఒకే మ్రానును తొలిచి చేసిన మహాభేరిని చూపిరి. మన గుడిలోని నగారా తలపునకు వచ్చినది. పిదప మమ్ము పై అంతస్తున నిలిపి, అచటినుండియే ప్రార్థనాశాలను చూడుడనిరి.

క్రింద నొక వృద్ధుడు ఒంటరిగా నేలకు నుదురు మోపి యుండెను. నా చేయి తెలియకయే ఫోనుపైకి పోయినది. దీపము మెఱసెను. ఆయన తల యెత్తి చూచెను. ఆ చూపులో కోపము లేదు. లేచి, స్తంభము చాటునకు పోయి, మరల మొదటినుండి ఆరంభించెను. చిత్రమును వెంటనే చెఱిపివైచితిని గాని, తెగిన ఆయన ధ్యానమును నేనెట్లు అతికింపగలను?

పెద్దల వాదములో నిజము లేకపోలేదు. కాని తలుపులు మూసినచో సిలబాన్ కథ, ఆ యెదురు చర్చి పొత్తు నావంటివాని కెట్లు తెలియును? తలుపులు తెఱచియే యుండవలెను. చెప్పులతోపాటు ఫోనును గూడ గుమ్మమువద్దనే విడిపింపవలెనని నా అభిప్రాయము. ఇది మఱీ కఠినమని మిత్రులందురు. మన పూజగదిలోనికి పరాయివాడు వచ్చి, మనము కన్నులు మూసికొన్నవేళ బొమ్మ తీసినచో వారేమందురో!

మఱునాడు ఫోనును బసలో విడిచి మరల పోయితిని. ఆ పై అంతస్తుననే అఱగంట నిలిచితిని. గుమ్మటము క్రింద పిచ్చుక యొకటి తిరుగుచుండెను. ముందటిదినము నేను దానిని చూడనేలేదు.